వేదిక మీద పాడేందుకు మైక్: తక్కువ బడ్జెట్‌లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

పాడేవాళ్లు సొంతంగా ఒక మైక్ కొనుక్కోవాలనుకుంటే ముందు చూసేది రేటు, తర్వాత బ్రాండు, ఆ తర్వాత ఎవరో వాడి బాగుందన్న మాట. ఇవేవీ తప్పు కాదు గానీ, అసలు చూడాల్సిన సంగతి వీటి వెనక పడిపోతుంది. ఇంట్లో రికార్డింగ్‌కి కొనే మైక్ గొంతును ఎంత వివరంగా పట్టుకుంటుందన్నదే లెక్క. వేదిక మీద సంగతి వేరు. గాయకుడి వెనకే డ్రమ్స్ మోగుతుంటాయి, పక్కన గిటార్ యాంప్, కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్. ఆ మానిటర్‌లోంచి వచ్చేదీ గాయకుడి గొంతే, అది మళ్లీ మైక్ వైపే వస్తుంటుంది. ఇంత గోలలో ఒక్క గొంతును తీసుకుని మిగతాదంతా వదిలేయడం మైక్ పని. అంటే వేదిక మైక్ గొప్పతనం అది ఏం వినకుండా ఉంటుందన్న దాంట్లోనే ఎక్కువగా తేలుతుంది. బడ్జెట్ తక్కువున్నవాళ్లకి ఇది మంచి కబురు. ఈ పనిని సరిగ్గా చేసే మైకులు మధ్యతరగతి ధరల్లోనే దొరుకుతాయి, దశాబ్దాలుగా దొరుకుతూనే ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది డైనమికా, కండెన్సరా అన్నది. డైనమిక్ మైక్‌లో పల్చటి పొరకు సన్నటి తీగచుట్ట అంటుకుని ఉంటుంది. గొంతు గాలి తగిలి పొర కదిలితే, చుట్ట అయస్కాంతం మధ్యలో ఊగి కరెంటు పుట్టిస్తుంది. బయటి నుంచి కరెంటు అక్కర్లేదు, కింద పడ్డా మామూలుగా బతుకుతుంది, ఎంత గట్టిగా అరిచినా శబ్దం పగలదు. కండెన్సర్‌కి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ తీగలోంచే వచ్చే కరెంటు, కావాలి. దాని పొర మరీ తేలిక కాబట్టి గొంతులోని సన్నటి వివరాలు, గాలి, పెదాల చప్పుడు అన్నీ పట్టేస్తుంది. డ్రమ్స్ తాళాల చప్పుడు కూడా అంతే శ్రద్ధగా పడుతుంది.

ఇక్కడ చాలామంది నమ్మే మాట ఒకటుంది: డైనమిక్ మైక్ దూరపు శబ్దాలు వినదు, కండెన్సర్ గదంతా వింటుంది అని. ఇది సగమే నిజం. డైనమిక్‌కి సెన్సిటివిటీ, అంటే ఒకే శబ్దానికి మైక్ ఇచ్చే సిగ్నల్ బలం, తక్కువ, నిజమే. కానీ ఆ లోటు తీర్చడానికి మిక్సర్‌లో గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే నాబ్) పెంచుతాం కదా, అప్పుడు దూరపు శబ్దం కూడా అంతే పెరుగుతుంది. పక్క శబ్దాన్ని తగ్గించేవి రెండే: మైక్ ఏ దిక్కు నుంచి వింటుందన్నది, నోటికి ఎంత దగ్గరగా ఉందన్నది. డైనమిక్ మైకులు పైస్థాయి ట్రెబుల్‌ను తక్కువగా పట్టుకోవడం వల్ల తాళాల మోత కాస్త తగ్గుతుంది, అంతే. మరి తక్కువ బడ్జెట్‌లో కండెన్సర్ ఎందుకు వద్దంటే, చవక కండెన్సర్లలో ట్రెబుల్ కీచుగా ఉండడం, చేతిలో కదిపితే గరగరలాడడం మామూలు. చేతిలో పట్టుకుని పాడే మంచి కండెన్సర్లు లేకపోలేదు. షూర్ బీటా 87ఏ, నాయ్‌మన్ కేఎంఎస్ 105 అలాంటివి. అవి ఈ వ్యాసం మాట్లాడే బడ్జెట్‌లోవి కావు, వాటి విలువ తెలియాలంటే వేదిక కూడా ప్రశాంతంగా ఉండాలి. ఇక స్టూడియోలో స్టాండుకి వేలాడదీసే పెద్ద పొర కండెన్సర్, కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ మైక్ వేదిక పనికి రావు. ఎంత డిస్కౌంట్ ఉన్నా అంతే.

దిక్కుల లెక్క

మైక్ ఏ వైపు నుంచి ఎంత వింటుందో చెప్పే గీతను పోలార్ ప్యాటర్న్ అంటారు. వేదిక మైకుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: కార్డియాయిడ్, సూపర్‌కార్డియాయిడ్. కార్డియాయిడ్ ఎదురుగా పూర్తిగా వింటుంది, సరిగ్గా పక్కనుంచి వచ్చేదాన్ని 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) తగ్గించి వింటుంది, వెనక నుంచి వచ్చేదాన్ని దాదాపు వినదు. సూపర్‌కార్డియాయిడ్ పక్కల నుంచి ఇంకా తక్కువ వింటుంది, సుమారు 9 డెసిబెల్స్ తగ్గిస్తుంది. కానీ దానికి నేరుగా వెనక చిన్న తోక ఉంటుంది, అటువైపు కొంచెం వింటుంది. అది బొత్తిగా విననిది ముందువైపు నుంచి లెక్కేస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర, అంటే వెనక ఎడమకీ వెనక కుడికీ.

ఈ అంకెలు పుస్తకం కోసం కావు. మానిటర్ ఎక్కడ పెట్టాలో ఇవే చెబుతాయి. కార్డియాయిడ్ మైక్ అయితే మానిటర్ గాయకుడికి ఎదురుగా, మైక్ వెనక కొసకి నేరుగా ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్‌కి అలా పెడితే కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. మానిటర్‌ను పక్కకి జరిపి, ఏటవాలుగా గాయకుడి వైపు తిప్పాలి. చిన్న వేదికల మీద మానిటర్‌ను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తుంటారు, ఒక్కోసారి ఇద్దరికి ఒక్కటే. ఇలాంటి చోట్ల పాడేవాళ్లకి మామూలు కార్డియాయిడ్ మైకే నయం. నోరు కాస్త పక్కకి జరిగినా గొంతు పడిపోదు, మానిటర్ చోటు గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. ఎప్పుడూ ఒకే చోట, ఒకే అమరికలో, పెద్ద మోతలో పాడే బృందానికి సూపర్‌కార్డియాయిడ్ లాభం. బాక్సు మీద ‘సూపర్’ అని రాసినంత మాత్రాన అది మెట్టు పైదని అనుకోనక్కర్లేదు.

కూత ఎందుకు పుడుతుందో కూడా తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మైక్‌లో పడిన శబ్దం స్పీకర్‌లోంచి బయటికొచ్చి మళ్లీ మైక్‌లో పడుతుంది. ఆ తిరుగుడులో ఏదైనా ఒక స్వరస్థాయి (ఫ్రీక్వెన్సీ, దీన్ని హెర్ట్జ్‌లో కొలుస్తారు) తగ్గకుండా, ప్రతి చుట్టుకీ పెరుగుతూ పోతే అదే కుయ్‌మంటుంది. మైక్, స్పీకర్, గది మూడూ కలిసి ఏ స్థాయిని ఎక్కువ ఎత్తితే అదే ముందు కూస్తుంది. చవక మైకులు దొరికిపోయేది ఇక్కడే. వాటి ముందువైపు ధ్వని బాగానే ఉంటుంది, కొట్లో పెట్టి మాట్లాడి చూస్తే తేడా తెలియదు. వెనకవైపు మాత్రం ఒక్కో స్థాయిని ఒక్కో రకంగా వింటుంది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర బాగా ఆపుతుంది, నాలుగు వేల దగ్గర చేతులెత్తేస్తుంది. అందుకే కంపెనీ ఇచ్చే కాగితంలో ప్యాటర్న్ గీత ఒక్కటే ఉందా, రకరకాల స్థాయిల్లో విడివిడిగా గీశారా అన్నది చూడాలి. విడివిడిగా గీసి, అవన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటే ఆ కంపెనీ దగ్గర దాచాల్సింది తక్కువని అర్థం.

మంచి మైక్‌ని కూడా చేత్తోనే పాడుచేయొచ్చు. మైక్ తలను గుప్పిట్లో మూసి పాడే అలవాటు చాలామందికి ఉంది, చూడ్డానికి స్టైల్‌గా ఉంటుందని. మైక్‌కి దిక్కు తెలిసేది జాలీ లోపల, పొర వెనకవైపు ఉన్న సందుల ద్వారా. వెనక నుంచి వచ్చే శబ్దం ఆ సందుల్లోంచి కూడా పొరను తాకి, చుట్టూ తిరిగి పొర ముందువైపు తాకిన అదే శబ్దాన్ని రద్దు చేస్తుంది. గుప్పిట మూస్తే ఆ దారి మూసుకుపోతుంది, మైక్ అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ముద్దగా మారుతుంది, వెంటనే కూత. కూత రాగానే గాయకుడు కంగారుపడి ఇంకా గట్టిగా మూస్తాడు. సౌండ్ చూసే మనిషి చేయగలిగింది వాల్యూమ్ తగ్గించడమే. చెయ్యి జాలీ కింద, కడ్డీ మీద ఉండాలి.

దూరం సంగతి అంతకంటే ముఖ్యం. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగమైతే గొంతు బలం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్లకి వస్తే 12 డెసిబెల్స్. డ్రమ్స్ మాత్రం ఎంత దూరంలో ఉన్నాయో అంతే దూరంలో ఉన్నాయి, వాటి చప్పుడు పెరగదు. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ 12 డెసిబెల్స్‌ను ఏ ఖరీదైన మైకూ ఇవ్వలేదు. దూరంగా పట్టుకుని పాడే అలవాటున్న గాయకుడికి మైక్ మార్చడం కన్నా అలవాటు మార్చుకోవడం చవక. దగ్గరగా పాడితే రెండు చిక్కులొస్తాయి. ఒకటి, బేస్ ఉబ్బుతుంది. దిక్కులున్న మైకుల్లో దాదాపు అన్నింటికీ ఉండే గుణమిది, వేదిక మైకుల్ని దీన్ని లెక్కలో పెట్టుకునే తయారుచేస్తారు. రెండోది ప, ఫ, బ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి ధడ్‌మని తగలడం. మైక్‌ను నోటికి నేరుగా కాకుండా కాస్త కిందగా, ఏటవాలుగా పట్టుకుని, మిక్సర్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకంటే కింది బేస్‌ను తగ్గించే ఫిల్టర్) వేస్తే రెండూ చాలావరకు తీరిపోతాయి.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. వేదిక మీద తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే వాల్యూమ్ సుమారు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. నాలుగు మైకులు తెరిచి ఒక్కరే పాడుతుంటే 6 డెసిబెల్స్ వృథా. పాడనివాళ్ల మైక్ మూసేయడం కూడా సౌండ్ పనే.

గొంతుకు తగ్గ మైక్

వేదిక మైక్‌కి ప్రపంచం మొత్తం కొలబద్దగా పెట్టుకున్నది షూర్ ఎస్‌ఎం58. 1966లో వచ్చింది. లోపలి క్యాప్సూల్ (పొర, తీగచుట్ట ఉండే భాగం) వంశం ఇంకా పాతది, 1959 నాటి యూనిడైన్ 3. పేరులో ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్ అని, పేరు తెచ్చుకున్నది మాత్రం వేదిక మీద. కార్డియాయిడ్, పట్టుకునే స్వరస్థాయిలు 50 నుంచి 15,000 హెర్ట్జ్, బరువు 298 గ్రాములు. కాగితం మీద చూస్తే గొప్పగా ఏమీ కనిపించదు. దీనికన్నా విశాలమైన అంకెలు చూపించే చవక మైకులు బోలెడు. అయినా ఇన్నేళ్లు నిలిచిందంటే కారణాలున్నాయి. దిక్కుల ప్యాటర్న్ అన్ని స్థాయిల్లోనూ నమ్మకంగా ఉంటుంది. క్యాప్సూల్ కింద గాలి ఆధారంగా పనిచేసే షాక్ మౌంట్ ఉండడంతో చేతిలో కదిపినా గుడగుడ తక్కువ. ఏ ఊళ్లో ఏ సౌండ్ మనిషికిచ్చినా దాని ఈక్వలైజర్ అమరిక (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) అతనికి కంఠతా వచ్చి ఉంటుంది. ఈ చివరి కారణం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రిహార్సల్ లేకుండా వేదికెక్కే రోజున అదే కాపాడుతుంది.

అయితే ఎస్‌ఎం58 అందరి గొంతుకూ సరిపోదు. చెప్పుల సైజులాగే ఇదీ. 4 నుంచి 6 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో దాని స్పందన కాస్త లేచి ఉంటుంది, గొంతు మోతలోంచి బయటికి వినబడడానికి. మందంగా, గాలిగా ఉండే గొంతుకు ఆ లేపు మేలు చేస్తుంది. అసలే సూదిలాంటి గొంతుకు, లేదా స, శ, ష గట్టిగా పలికేవాళ్లకు అదే చోట చికాకు పుడుతుంది. మరోవైపు, కొందరి గొంతు దాంట్లో కాస్త ముసుగు కప్పినట్టు వినిపిస్తుంది. అలాంటివాళ్లు సెన్‌హైజర్ ఇ835 విని చూడాలి. అదీ కార్డియాయిడే, 40 నుంచి 16,000 హెర్ట్జ్, పైస్థాయి కాస్త తెరుచుకుని ఉంటుంది. సూపర్‌కార్డియాయిడ్‌లో ఏకేజీ డీ5, దాని పై మెట్టులో షూర్ బీటా 58ఏ ఉన్నాయి. బడ్జెట్ బాగా బిగువుగా ఉంటే షూర్ పీజీఏ58, ఇంకా కిందికి బెరింజర్ ఎక్స్‌ఎం8500. ఈ చివరిది దాని ధరకు మించిన పని చేస్తుంది. మొదటి మైక్‌గా, లేదా రెండో గాయకుడికి స్పేర్‌గా దాన్ని కొన్నవాళ్లను వెక్కిరించాల్సిన పనిలేదు.

ధర పెరిగేకొద్దీ తేడా అదే లెక్కన పెరగదు. పేరూ ఊరూ లేని మైక్ నుంచి ఇలాంటి మామూలు మంచి మైక్‌కి వస్తే వినేవాళ్లందరికీ తేడా తెలుస్తుంది. అక్కణ్నుంచి రెండింతలు పెడితే పాడేవాళ్లకీ, సౌండ్ మనిషికీ తెలుస్తుంది. అంతకుమించి పెడితే, చిన్న వేదిక మీద, నాసిరకం స్పీకర్లలో, ఎదుటివాళ్లు ఆ తేడాను పట్టుకోవడం కష్టం.

రెండు మైకుల్ని పోల్చేటప్పుడు చెవి మోసపోయే చోటు ఒకటుంది. ఎక్కువ శబ్దం వచ్చేది బాగున్నట్టే అనిపిస్తుంది. ఎస్‌ఎం58 సెన్సిటివిటీ 1.85 మిల్లీవోల్టులు, ఇ835ది 2.7. రెంటినీ ఒకే గెయిన్‌లో పెడితే రెండోది సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది, ‘ఎంత క్లియర్‌గా ఉందో’ అనిపిస్తుంది. ముందు రెంటి వాల్యూమ్ సమానం చేయాలి, ఈక్వలైజర్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టాలి, రెంటికీ నోరు ఒకే దూరంలో ఉండాలి. రెండు మైకుల్నీ పక్కపక్కన పట్టుకుని ఒకేసారి పాడకూడదు, విడివిడిగానే. ‘హలో మైక్ టెస్టింగ్’ చాలదు, నిజంగా పాడే పాటే పాడాలి. అందులో మంద్రంలో నెమ్మదిగా సాగే చరణం ఒకటి, గొంతు చించుకునే పల్లవి ఒకటి ఉండాలి. తర్వాత మైక్‌ను నోటి నుంచి 30 డిగ్రీలు పక్కకి తిప్పి అదే లైను పాడి చూడాలి. మంచి మైక్‌లో శబ్దం తగ్గుతుంది గానీ గొంతు రంగు మారదు. నాసిరకం దాంట్లో ట్రెబుల్ ఒక్కసారిగా పడిపోయి, దుప్పటి కిందనుంచి పాడుతున్నట్టు అవుతుంది. చివరగా మైక్‌ను మానిటర్ ముందు పెట్టి, వాల్యూమ్ మెల్లగా పెంచుకుంటూ ఏది ముందు కూస్తుందో చూడాలి. కొట్లో ఇదంతా చేయనివ్వకపోవచ్చు. తెలిసిన బృందం రిహార్సల్‌కి వెళ్లి పది నిమిషాలు అడిగి తీసుకోవడం మేలు.

కేబుల్, వైర్‌లెస్, నకిలీలు

బడ్జెట్ మొత్తం మైక్ మీదే పెట్టేసి కేబుల్ కోసం వెతుక్కునేవాళ్లు ఎక్కువ. చవక మైకులతో పాటు బాక్సులో వచ్చే తీగను జాగ్రత్తగా చూడాలి. ఒకవైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, రెండోవైపు గిటార్‌కి పెట్టే పావు అంగుళం జాక్ ఉందంటే, మైక్ బ్యాలెన్స్‌డ్ అయినా ఆ తీగ దాన్ని అన్‌బ్యాలెన్స్‌డ్ చేసేస్తుంది. తీగ పొడవు పెరిగేకొద్దీ గుర్‌మనే హమ్ వస్తుంది. మిక్సర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రం ఉన్నప్పుడు రెండువైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న తీగే వాడాలి. అలాంటి తీగలో సిగ్నల్ 2, 3 పిన్నుల మీద ఒకదానికొకటి ఎదురుగా వెళ్తుంది, దారిలో అంటుకున్న రొద మాత్రం రెంటికీ ఒకేలా అంటుకుంటుంది కాబట్టి మిక్సర్ దాన్ని తీసేయగలుగుతుంది. కొనేముందు కనెక్టర్ మూత తిప్పి లోపలికి చూడొచ్చు. సోల్డర్ మెరుస్తూ శుభ్రంగా ఉందా, తీగ తొడుగును క్లిప్పు గట్టిగా పట్టుకుని ఉందా, లాగితే బరువంతా సోల్డర్ మీద పడుతోందా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. కార్యక్రమం మధ్యలో ఆగిపోయేది మైక్ కాదు, చాలాసార్లు ఈ సోల్డరే.

ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉంటే డైనమిక్ మైక్ కాలిపోతుందన్న భయం కూడా కొందరికి ఉంది. సరైన బ్యాలెన్స్‌డ్ తీగతో ఆ 48 వోల్టులు రెండు పిన్నులకీ సమానంగా అందుతాయి, చుట్టకి తేడా తెలియదు. అయినా తీగ పీకేటప్పుడు, పెట్టేటప్పుడు ఛానల్ మ్యూట్ చేయాలి, లేకపోతే ఆ ‘ఢబ్’ స్పీకర్లకి తగులుతుంది.

వైర్‌లెస్ గురించి క్లుప్తంగా చెప్పాలంటే, బడ్జెట్ చిన్నదైతే వద్దు. అదే డబ్బుకు మైక్‌తో పాటు ట్రాన్స్‌మిటర్, రిసీవర్ కూడా రావాలి, కాబట్టి మూడింటిలోనూ కోత పడుతుంది. పైగా బ్యాటరీలు, మధ్యలో సిగ్నల్ తెగిపోవడం. ఏ ఫ్రీక్వెన్సీలు వాడొచ్చన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది, పెట్టె మీద రాసి ఉందని అది చెల్లుతుందని కాదు. నాట్యం చేస్తూ పాడేవాళ్లకి, వేదిక దిగి జనంలోకి వెళ్లేవాళ్లకి తప్పదు. మిగతావాళ్లకి తీగే మేలు.

మైక్ మీద స్విచ్ ఉండాలా అన్నది అలవాటును బట్టి. వక్తలకి, చిన్న కార్యక్రమాల్లో సౌండ్ మనిషి లేనివాళ్లకి ఉపయోగం. బృందంతో పాడేవాళ్లు స్విచ్ లేనిదే తీసుకోవాలి. పాట మధ్యలో బొటనవేలు తగిలి ఆగిపోతే, తప్పెక్కడుందో వెతకడానికి అర నిమిషం పోతుంది, ఆ లోపు చరణం అయిపోతుంది.

పేరున్న మోడల్ కాబట్టి ఎస్‌ఎం58కి నకిలీలు విపరీతం. పెట్టె, సంచి, స్టాండ్ క్లిప్పు, పేపర్లతో సహా అచ్చు గుద్దినట్టు తయారుచేస్తారు. మార్కెట్ రేటుకంటే బాగా తక్కువకు కొత్తది దొరికిందంటే అనుమానించాల్సిందే, ఆ కంపెనీ గుర్తింపున్న డీలర్ దగ్గర బిల్లుతో కొనడమే గట్టి మందు. చేతిలో మరీ తేలిగ్గా అనిపించినా, జాలీ మరల్లో సాఫీగా తిరగకుండా తడబడుతున్నా, ఊపితే లోపల ఏదో గలగలలాడినా వదిలేయాలి. నకిలీ బాధ ఏమిటంటే, మోసపోయిన సంగతి డబ్బుతో పోదు. కూతకి కారణం మైక్ అని తోచక గది మీదా, స్పీకర్ల మీదా నింద వేసుకుంటూ ఉండిపోతారు.

సెకండ్ హ్యాండ్ డైనమిక్ మైక్ మాత్రం తక్కువ బడ్జెట్‌కి మంచి దారి. వీటిలో అరిగిపోయే భాగాలు తక్కువ. జాలీ సొట్టలు పడినా భయం లేదు, కొత్త జాలీ విడిగా దొరుకుతుంది. చూడాల్సినవి వేరే. జాలీ విప్పి లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతోందేమో చూడాలి, వేళ్లకి నల్లగా అంటుకుంటే మార్చాలి. పిన్నులు వదులయ్యాయేమో తీగ పెట్టి మెల్లగా కదిపి, శబ్దం తెగుతోందేమో వినాలి. మైక్‌ను తలకిందులు చేసి, పక్కకి వంచి, ఆ స్థితిలోనూ మాట్లాడాలి. క్యాప్సూల్ ఊడి ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇంటికి తెచ్చాక జాలీని విడిగా గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించాలి. క్యాప్సూల్‌కి నీటి చుక్క తగలకూడదు. పాత జాలీల్లో ఎవరెవరివో ఉమ్ము, లిప్‌స్టిక్ పేరుకుని రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. ట్రెబుల్ పోయిందని అమ్మేసిన మైకుల్లో కొన్నింటికి ఆ స్నానంతోనే గొంతు తిరిగొస్తుంది.